నరం కొసలు మొలిచేదాకా

ఆ పొద్దున బెంజమిన్ లేస్తూనే కడుపులో మెలిపెడుతోందన్నాడు. రాత్రి కరెంటు పోతే ఉక్కకు తాళలేక మంచం దిగి, వెనక వసారాలో చాప పరుచుకుని పడుకున్నాడు. వానలు మొదలైన కొత్త. మణుగూరు కాలనీలో వాళ్ల క్వార్టర్ చివరి వరసలో ఉంది, వెనక ప్రహరీ దాటితే అడవే. తబితా పొయ్యి దగ్గరి నుంచే, నిన్న క్యాంటీన్లో తిన్న బజ్జీల పని అయ్యుంటుందిలే, కాస్త వాము నోట్లో వేసుకోమని చెప్పింది. ఆమె మనసు అప్పటికే కాలేజీలో ఉంది.

ఆమె ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్. బెంజమిన్ ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు. ఇంటి ఎత్తు బండిని గట్టు అంచుదాకా వెనక్కి తీసుకెళ్లి, చక్రం జారకుండా నిలబెట్టగల చేతులు అతనివి. ఆ చేతులతో చాయ్ గ్లాసు పట్టుకుని గడపలో కూర్చున్నాడు. రెప్పలు సగం వాలి ఉన్నాయి.

"ఇంకా నిద్ర తీరలేదా?" అంది తబితా జడ వేసుకుంటూ.

"నిద్ర కాదు తబితా. కండ్లు తెరుద్దామంటే రెప్పలు లేస్తలేవు."

మాట ముక్కులోంచి వచ్చింది, పడిశం పట్టినవాడి మాటలా. ఒక గుక్క తాగాడు. ఆ చాయ్ గొంతులోకి దిగకుండా ముక్కులోంచి బయటికి కారింది.

తబితా చేతిలో జడ అలాగే ఆగిపోయింది. దగ్గరికి వచ్చి గడ్డం పట్టి ఎత్తి, పైకి చూడమంది. చూస్తున్నానన్నాడు. కనుగుడ్లు మాత్రం కదల్లేదు. చొక్కా విప్పి ఒళ్లంతా వెతికింది. మోచేతి కింద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క తప్ప ఏమీ కనబడలేదు. వాపు లేదు, నొప్పి లేదు. కట్లపాము కాటు అలాగే ఉంటుంది, నిద్రలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు.

పామును చూడాల్సిన పని ఆమెకు లేకపోయింది. కాలేజీ ల్యాబులో ఒక పాత స్లైడు ఉంది. ఏటా ఆ పాఠం వచ్చినప్పుడు దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, మైక్రోస్కోపు కింద పెట్టి, పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి చూపిస్తుంది. కండర తంతువులు పొడుగ్గా పక్కపక్కన పడుకుని ఉంటాయి. ఒక్కోదాని మీద అడ్డంగా నల్లచార, తెల్లచార, మళ్లీ నల్లచార. అంచుల వెంట గింజల్లాంటి కేంద్రకాలు. వాటి మీదికి ఒక నరం వచ్చి కొమ్మలుగా చీలుతుంది. ఒక్కో కొమ్మ ఒక్కో తంతువుదాకా వెళ్లి, బురదలో కోడి వేసిన అడుగులా పరుచుకుని అక్కడ ఆగుతుంది. తంతువును తాకదు. మధ్యలో ఆ మైక్రోస్కోపుకు కూడా అందనంత సన్నటి సందు ఉంటుంది. నరం కొసలో చిన్నచిన్న తిత్తులుంటాయి, వాటిలో రసాయనం ఉంటుంది. చెయ్యి ఎత్తాలన్నా, రెప్ప వెయ్యాలన్నా, ఊపిరి తీసుకోవాలన్నా ఆ తిత్తులు తెరుచుకోవాలి, రసాయనం సందు దాటాలి, అవతల ముడతలు పడి ఉన్న కండరపు పొరకు తగలాలి. కట్లపాము విషం వెతుక్కుంటూ వెళ్లి పట్టేది ఆ కొసనే. తిత్తులన్నిటినీ ఖాళీ చేసి, ఆపైన కొసనే చితకబెడుతుంది. మెదడు బాగుంటుంది, కండరం బాగుంటుంది, ఒకదాని మాట రెండోదానికి చేరదు.

ఇదంతా ఆమెకు క్షణంలో గుర్తుకొచ్చింది. గుర్తొచ్చి చెయ్యగలిగింది మాత్రం పక్కింటివాళ్లను కేకేసి ఆటో తెప్పించడమే.

మణుగూరు దవాఖానాలో జల్దీగానే చూశారు. విషానికి విరుగుడు సీసాలు ఎక్కించారు. విరుగుడు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదు కానీ కొసల్లో దూరిపోయినదాన్ని బయటికి లాగలేదు. అది తబితాకు తెలుసు, డ్యూటీ డాక్టరుకూ తెలుసు. మధ్యాహ్నానికి బెంజమిన్ మెడ నిలవలేదు. ఏదో చెప్పబోయాడు, నాలుక తిరగలేదు. ఊపిరి పైపైన ఆడుతుంటే గొంతులోకి గొట్టం వేసి, ఖమ్మం తీసుకుపొమ్మని అంబులెన్సు ఎక్కించారు.

అంబులెన్సులో గొట్టానికి ఒక రబ్బరు సంచి తగిలించి ఉంది. దాన్ని పిసికితే అతని ఛాతీ లేస్తుంది, వదిలితే దిగుతుంది. అశ్వాపురం, పాల్వంచ దాటేదాకా అంబులెన్సులో వచ్చిన కుర్రాడే పిసికాడు. కొత్తగూడెం దగ్గర ఆ కుర్రాడి వేళ్లు పట్టేస్తే తబితా తీసుకుంది. మొదట భయపడి మరీ గట్టిగా పిసికింది. ఆ కుర్రాడు ఆమె చేతి మీద చెయ్యి వేసి లయ చూపించాడు. రోడ్డు గతుకుల్లో చెయ్యి జారినప్పుడల్లా మళ్లీ సర్దుకుని పట్టుకుంది. చేతులు లాగేస్తున్నాయి, మార్చుకుందామంటే మనసొప్పలేదు. బెంజమిన్ ముఖం నిద్రపోతున్నవాడి ముఖంలా ప్రశాంతంగా ఉంది. లోపల అతను మేలుకునే ఉన్నాడని ఆమెకు తెలుసు. తెలిసీ ఒక్క మాట మాట్లాడలేకపోయింది. ఊపిరి లెక్క తప్పుతుందని భయం.

ఖమ్మంలో అతన్ని వెంటిలేటరు మీద పెట్టారు. అక్కడి డాక్టరు ప్రమీల నడివయసు మనిషి, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. చితికిన కొసల చోట కొత్తవి మొలవాలి, మొలిచేదాకా మిషను ఊపిరి పొయ్యాలి, ఈ లోపల ఊపిరితిత్తుల్లో చీము చేరకుండా చూసుకోవాలి, అంతకుమించి మందేమీ లేదంది. ఎన్నాళ్లు పడుతుందని తబితా అడగలేదు. ఎవరూ చెప్పలేరని ఆమెకు తెలుసు.

పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు లోపలికి వదిలేవారు. మిగతా సమయమంతా వరండాలో గోడకు ఆనుకుని కూర్చోవాలి. అక్కడే ఆమెకు ముత్తక్క పరిచయమైంది. దుమ్ముగూడెం అవతల, చర్ల దారిలో లోపలికి పోతే వచ్చే ఊరు వాళ్లది. ఆమె భర్త భీమయ్య పక్క మంచం మీద ఉన్నాడు. అతన్నీ కట్లపామే కరిచింది. కొత్తగా విత్తిన మొక్కజొన్న చేనుకు పందుల కాపలా ఉండి, మంచెకింద నేల మీద ఒరిగాడట. ఊరివాళ్లు డోలీ కట్టి వాగు దాటించి, రోడ్డు మీదికి తెచ్చారు.

ముత్తక్క మొదటి రోజున ఏమీ అడగలేదు. రెండో రోజు తానే తబితా పక్కకు జరిగి, లోపల ఏమైందో చెప్పమంది. పంతులమ్మవట కదా, నీకు తెలిసే ఉంటుంది అంది. తబితా నేల మీద వేలితో గీస్తూ చెప్పింది. కండరం ఎలా ఉంటుంది, దాని మీద నరం వచ్చి ఎలా పరుచుకుంటుంది, ఎక్కడ తెగింది. తరగతిలో చెప్పినంత నిదానంగా చెప్పింది. చెబుతున్నంతసేపు ఆమెకు కొంచెం ధైర్యంగా కూడా అనిపించింది.

ముత్తక్క ఆ గీతల వంక చూసి, "మల్ల మొలుస్తయా?" అని అడిగింది.

"మొలుస్తయ్."

"మరి ఆయనకు తెలుస్తదా, మనం వచ్చింది?"

"అంతా తెలుస్తది ముత్తక్కా. వింటడు. కదల్లేడంతే. నువ్వు మాట్లాడు."

ఆ సాయంత్రం నుంచి ముత్తక్క భర్త చెవి దగ్గర వంగి కోయ మాటలో ఏదేదో చెప్పేది. కోళ్ల సంగతో, చేను సంగతో తబితాకు అర్థమయ్యేది కాదు. మధ్యమధ్య తనలో తను నవ్వేది కూడా. తబితా మాత్రం బెంజమిన్ పక్కన నిలబడి ఏం మాట్లాడాలో తెలియక తికమకపడేది. బాగవుతుంది, భయపడొద్దు అన్న రెండు మాటల తర్వాత మూడోది దొరికేది కాదు. చివరికి తనకు వచ్చిందే చెప్పడం మొదలుపెట్టింది. మీ నరాల కొసలు చితికినయ్, వాటి పక్క నుంచి కొత్త కొసలు బయలుదేరుతయ్, పాత చోటే వెతుక్కుని మళ్లీ అక్కడే అతుక్కుంటయ్ అని రోజూ చెప్పేది. కళ్లు ఎండిపోకుండా రెప్పల మీద ప్లాస్టరు అంటించిన ఆ ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు.

అత్త విశ్రాంతమ్మ బోనకల్ నుంచి వచ్చింది. కొడుకు పాదాలు పట్టుకుని ప్రార్థన చేసింది. డాక్టరు ప్లాస్టరు తీసి, కంట్లో లైటు వేసి చూడటం ఆమె కళ్లబడింది. నల్లగుడ్డు విచ్చుకుని అలాగే ఉండిపోయింది, లైటుకు ముడుచుకోలేదు. కట్లపాము కాటులో అలా ఉంటుందని, దాన్నిబట్టి ఏమీ అనుకోకూడదని ప్రమీల చెప్పింది. విశ్రాంతమ్మ చాలా చావులు చూసిన మనిషి. అలాంటి కళ్లు ఆమె ఎరుగును. రోజులు గడిచేకొద్దీ ఆమె ప్రార్థన మారింది. ఒక సాయంత్రం కొడుకు తల నిమురుతూ, "చాలు తబితా, పిల్లగాణ్ని ఇంక బాధపెట్టొద్దు. దేవుడి దగ్గరికి పోనిద్దాం," అంది. తబితా ఆమెను భుజం పట్టి బయటికి తీసుకొచ్చింది. అత్తమీద కోపం రాలేదు. అదే ఆలోచన తనకూ వచ్చి పోయింది.

తర్వాత ఒక పొద్దున ప్రమీల బెంజమిన్ పాదం దగ్గర నిలబడి, బొటనవేలు కదపమని గట్టిగా అడిగింది. తబితా చూస్తోంది. ఏమీ లేదు. మళ్లీ అడిగింది. గోరు అంచు వెంట్రుకవాసి వంగింది. ప్రమీల తబితాను ముందుకు తోసి, అడుగు, నీకు జవాబిస్తాడు అంది.

వినబడుతోందా అని అడిగింది తబితా. వేలు వంగింది. భయంగా ఉందా అని అడిగింది. వేలు వంగింది, మళ్లీ వంగింది, ఆగకుండా వంగుతూనే ఉంది. రెండు చేతులతో పాదాన్ని పట్టుకుని నిలబడిపోయింది. చేతుల మధ్య ఆ వేలు కదులుతూనే ఉంది. నర్సు వచ్చి టైమైందనేదాకా అలాగే ఉంది.

అది చూసి ముత్తక్క భీమయ్య బొటనవేలు పట్టుకుంది. తన మాటలో పిలిచింది, బతిమాలింది. వేలు కదల్లేదు. భీమయ్యకు అప్పటికే జ్వరం పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో చీము చేరింది. మందులు మార్చారు. పెద్ద మందులన్నారు. ఇద్దరికీ ఒకే పాము కాటు, ఒకే గది, అవే నర్సులు. ఇతనికి రాకుండా అతనికే ఎందుకొచ్చిందో ప్రమీల చెప్పలేకపోయింది. తబితా తన చదువంతా తిరగేసుకుంది, ఆమెకూ దొరకలేదు. ముత్తక్క అడిగి ఉంటే బాగుండేది, ఆమె అడగలేదు కూడా.

ఆఖరి రోజు పొద్దున ప్రమీల ముత్తక్కను పక్కకు పిలిచి, ఇక నిలబడడని చెప్పింది. ఊరి నుంచి మరిది వచ్చాడు. ఇద్దరూ మంచానికి చెరోవైపు నిలబడి కోయ మాటలో చాలాసేపు వాదించుకున్నారు. బయట వాన ఆగకుండా పడుతోంది. మధ్యాహ్నానికి భీమయ్య పోయాడు. తబితా ముత్తక్క చెయ్యి పట్టుకుంది. ముత్తక్క కాసేపు పట్టుకోనిచ్చి, మెల్లగా విడిపించుకుని మూట సర్దుకుంది.

బెంజమిన్‌కు మొదట వేళ్లు వచ్చాయి, తర్వాత భుజాలు, ఆ తర్వాత ఊపిరి. రెప్పలు అన్నిటికన్నా ఆలస్యంగా లేచాయి. గొట్టం తీసిన నాడు విశ్రాంతమ్మ దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పుకుంటూ వార్డంతా తిరిగింది. బెంజమిన్ తల్లి చేతిని ముద్దు పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక, తల్లి బోనకల్ బండెక్కి వెళ్లాక, తబితాతో చెప్పాడు.

"అమ్మ ఆ రోజు అన్నది నేను విన్న. ఆమెకు చెప్పకు."

అన్నీ విన్నానన్నాడు. తబితా రోజూ చెప్పిన పాఠం కూడా విన్నాడట. కొసలు చితికినయ్ అని ఆమె మొదలుపెట్టగానే లోపల అరిచేవాడినన్నాడు. ఆ మాట ఆపి ఏదైనా వేరే చెప్పమని, కూర ఏం వండుకున్నావో చెప్పమని అరిచానన్నాడు. ఎప్పుడూ గలగలలాడే మనిషి ఇప్పుడు పగలు కూడా కళ్లు మూయడానికి భయపడుతున్నాడు. కునుకు పట్టబోతే ఉలిక్కిపడి లేచి, చేతులు ఎత్తి చూసుకుంటాడు. ఆమె పక్కన కూర్చుని చూడటం తప్ప ఇంకేమీ చెయ్యలేదు.

డ్యూటీకి ఎక్కేముందు ఒకసారి ముత్తక్క దగ్గరికి పోయి రావాలని పట్టుబట్టాడు. ఎందుకంటే, పక్క మంచం మీద వాళ్లాయన కూడా తనలాగే అన్నీ విన్నాడని ఆమెతో చెప్పాలన్నాడు. ఆ సంగతి చెప్పగలిగిన మనిషి తనొక్కడే కదా అన్నాడు. తబితాకు అది మంచి మాటే అనిపించింది.

వరికోతల రోజులు. భద్రాచలం వంతెన దాటి, దుమ్ముగూడెం దాటి, కంకర తేలిన దారిలో బైకు మీద వెళ్లారు. వాగులో అప్పటికి మోకాలి లోతు నీళ్లే ఉన్నాయి. ముత్తక్క వాకిట్లో మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. వీళ్లను చూసి లేచి, మంచం వాల్చి నీళ్లిచ్చింది. బెంజమిన్ నడుస్తుంటే కాళ్ల వంక చూసింది.

"మంచిగైనవా అన్నా," అంది.

"అయిన అక్కా." కాసేపు గ్లాసును అటూ ఇటూ తిప్పాడు. "నీ మాటలు నేను రోజూ విన్న. నాకు మీ మాట రాదు. అయినా పొద్దుగాల నువ్వొస్తివంటే పానం నెమ్మదయ్యేది. నాకే గట్లుంటే ఆయనకెట్లుంటదో అనుకునేటోణ్ని. ఆయన విన్నడక్కా. అన్నీ విన్నడు. అది చెప్పిపోదామనే వచ్చిన."

ముత్తక్క ముఖం ఒక్క క్షణం విప్పారింది. తబితా దాన్ని చూసింది. మరుక్షణం ఆమె చేతిలోని కంకి ఒళ్లోకి జారింది.

"అన్నీ విన్నడా?"

"అవ్ అక్కా."

ముత్తక్క వాగు వైపు చూసింది. మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. "ఆఖరి పొద్దు మా మరిదొచ్చిండు. వానకు వాగు నిండుగున్నది. పీనుగను ఎట్ల దాటిద్దామని ఇద్దరం ఆయన మీదికెల్లే మాట్లాడుకున్నం. డోలీ ఆగదు, కొట్టుకపోతడు, తాళ్లతోని మంచానికి గట్టిగ కట్టాలె అని నేనే అన్న. అప్పటికి ఆయనకు ఊపిరున్నది. మిషన్ల సప్పుడైతున్నది." బెంజమిన్ వైపు తిరిగింది. "అది గూడ విన్నడా?"

ఈ మాట వస్తుందని బెంజమిన్ అనుకోలేదు, తబితా కూడా అనుకోలేదు. వాకిట్లో కోళ్లు గింజల మీదికి వచ్చాయి, ఎవరూ అదిలించలేదు. మాట్లాడమని, వింటాడని ఆ వరండాలో తను చెప్పిన మాట తబితాకు గుర్తొచ్చింది.

"లేదక్కా," అన్నాడు బెంజమిన్. "అది వినలే. అప్పటికి జరం మీదున్నడు కద. నాకూ ఒక రోజు గట్ల జరమొచ్చింది. జరమొస్తే ఏం తెల్వదు, మనిషి లోపటికి మునిగిపోతడు. ఏం వినరాదు."

బెంజమిన్‌కు ఒక్క రోజు కూడా జ్వరం రాలేదు. ముత్తక్క అతని ముఖంలోకి చూసి, తబితా వైపు తిరిగింది.

"నిజమేనా పంతులమ్మా?"

విషం మెదడు జోలికి పోదని తబితాకు తెలుసు. అంతటి జ్వరంలో తెలివి ఉంటుందో పోతుందో, భీమయ్యకు ఆ పొద్దున ఎంత పోయిందో, ఎంత మిగిలిందో ఏ మైక్రోస్కోపూ చూపించలేదని కూడా తెలుసు.

"నిజమే ముత్తక్కా," అంది. "అంత జరంల తెలివుండదు."

ముత్తక్క తల ఊపింది. ఒళ్లో పడ్డ కంకిని తీసుకుని మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. చాయ్ తాగి పొమ్మంది. తాగారు. వెళ్లొస్తామంటే రెండు సోలల మొక్కజొన్న గింజలు మూటకట్టి తబితా చేతిలో పెట్టింది. ఇంకేమీ అడగలేదు.

తిరుగుదారిలో బెంజమిన్ భద్రాచలం వంతెన మీద బండి ఆపి, తల తిప్పకుండానే అడిగాడు.

"నమ్మిందంటవా?"

తబితాకు తెలియలేదు. తెలియదనే చెప్పింది. వెనక లారీ హారన్ కొడితే అతను బండి స్టార్టు చేశాడు.